ఉద్దానం తీరంలో కంటివైద్యం: సోంపేట శుక్లాల నుంచి కంట్లో కరిగే స్టెరాయిడ్ దాకా

ఉద్దానం తీరంలో కంటివైద్య చరిత్రను రెండు జబ్బులు రెండు కాలాలుగా విడగొట్టాయి. మొదటిది శుక్లం. కంటిలోని కటకం ముదిరి తెల్లబడితే దాన్ని తీసేస్తారు, ఒక్క ఆపరేషన్‌తో పని అయిపోతుంది. రెండోది సుగరు జబ్బు వల్ల రెటీనా నడిమధ్యన చేరే నీరు. దీన్ని మాక్యులర్ ఎడీమా అంటారు. ఇది ఒక్కసారితో తీరేది కాదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ ఊరుతుంది, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కంట్లోకి సూదిమందు వేయించుకోవాలి. శుక్లం మీద జరిగిన పోరులో ఈ తీరానికి ప్రపంచ స్థాయి చరిత్రే ఉంది. సుగరు కంటి విషయంలో మాత్రం ఇంకా దారి వేసుకుంటున్న దశ. ఆ దారిలో చేతికొచ్చిన సాధనాల్లో ఒకటి స్టెరాయిడ్ ఇంప్లాంట్. ఆరు మిల్లీమీటర్ల పొడవు, అర మిల్లీమీటరుకు తక్కువ మందం ఉన్న ఈ కడ్డీని కంటి లోపల వదిలితే నెలల పాటు కొద్దికొద్దిగా మందు విడుస్తూ కరిగిపోతుంది.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను కలిపి ఉద్దానం అంటారు. దానికి దక్షిణాన టెక్కలి. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు మహేంద్రగిరి కొండలు, ఆ రెంటి మధ్య కొబ్బరితోటలు, జీడితోటలు, పలాస జీడిపప్పు కార్ఖానాలు, మద్రాసు-హౌరా రైలుమార్గం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. కచేరీ కాగితాల్లో జిల్లా రెండుసార్లు మారినా రోగి నడిచే దారి మారలేదు. సోంపేట నుంచి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. బరంపురం అందులో సగం దూరం కూడా లేదు. అందుకే ఈ ఊళ్ల జనానికి పెద్ద వైద్యమంటే ఒకవైపు 1923లో మొదలైన విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి, మరోవైపు 1962లో వచ్చిన బరంపురం వైద్య కళాశాల. రెండూ దూరమే. ఇక్కడ ఏ వైద్యం నిలబడుతుందో, ఏది మధ్యలో ఆగిపోతుందో చాలామటుకు ఈ దూరమే తేల్చింది.

ఆధునిక శస్త్రచికిత్స రాకముందు దేశమంతటా ఉన్న పద్ధతే ఇక్కడా ఉండేది. ఊరూరా తిరిగే వైద్యులు సూదిమొనతో కంటిని గుచ్చి, ముదిరిన కటకాన్ని చూపుకు అడ్డం లేకుండా లోపలికి తోసేవారు. సుశ్రుత సంహిత నాటికే వర్ణించిన చికిత్స ఇది. కట్టు విప్పగానే వెలుగు కనిపించేది, వైద్యుడు రుసుము పుచ్చుకుని వెళ్లిపోయేవాడు. తర్వాత కొద్ది రోజులకో నెలలకో చీము పట్టో, పీడనం పెరిగో చాలా కళ్లు పూర్తిగా పోయేవి. మద్రాసు ప్రభుత్వ కంటి ఆస్పత్రికి అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఇలియట్ ఇలాంటి వందల కళ్లను పరీక్షించి, 1917లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆ నష్టాన్ని లెక్కలతో చూపాడు. ఆ మద్రాసు ఆస్పత్రి 1819లో మొదలైంది, ప్రపంచంలోని అతి పాత కంటి ఆస్పత్రుల్లో ఒకటి. అయితే గంజాం పల్లెల్లో చూపు పోయిన ముసలమ్మకు మద్రాసు అంటే వినికిడి మాత్రమే.

ఆ దూరాన్ని కొంత తగ్గించినవారు కెనడా బాప్టిస్టు మిషనరీలు. 1874లో కాకినాడలో మొదలుపెట్టి, మరుసటేడు భీమునిపట్నంలో దిగి, క్రమంగా శ్రీకాకుళం, బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, సోంపేట దాకా తమ స్థావరాలు వేసుకుంటూ వచ్చారు. చర్చి పక్కన బడి, బడి పక్కన మందుల గది వారి పద్ధతి. సోంపేటలో ఆ మందుల గది పెరిగి ఆస్పత్రి అయింది. దాని పేరు ఆరోగ్యవరం. మదనపల్లె దగ్గర క్షయ రోగుల కోసం వెలసిన ఆరోగ్యవరం వేరు, ఇది వేరు. పేరు ఒకటే కావడంతో చాలామంది రెంటినీ ఒకటిగా పొరబడుతుంటారు. సోంపేట ఆరోగ్యవరం కంటి ఆస్పత్రిగానే ఎక్కువ పేరు తెచ్చుకుంది.

ఆ పేరుకు మూలం డాక్టర్ బెన్ గల్లిసన్. కెనడా నుంచి వచ్చి సోంపేటలో ఏళ్ల తరబడి పనిచేసిన మిషనరీ వైద్యుడాయన. 1963లో స్వదేశం వెళ్లినప్పుడు కాల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారిని కలిశాడు. సోంపేటలో ఒక మనిషికి శుక్లం తీసి చూపు తెప్పించడానికి ఇరవై ఐదు డాలర్లు చాలని, డబ్బు లేక ఎందరో చీకట్లో ఉండిపోతున్నారని చెప్పి, సాయం చేయగలరా అని అడిగాడు. జెంకిన్స్ ఊరుకోలేదు. స్నేహితులను కూడగట్టి విరాళాలు సేకరించాడు. అదే ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్ అనే సంస్థగా రూపుదాల్చింది. దాని మొదటి సాయం అందిన చోటు సోంపేట. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంస్థ భారతదేశంలోని అనేక ఆస్పత్రులకూ, ఆఫ్రికా దేశాలకూ విస్తరించింది. ఇవాళ దాన్ని అంతర్జాతీయ సంస్థగా తెలిసినవారిలో దాని పుట్టుకకు కారణం ఉద్దానంలోని ఒక చిన్న రైలుస్టేషన్ ఊరని ఎరిగినవారు తక్కువ. ఈ సంగతి జిల్లా చరిత్రల్లో ఇంకా గట్టిగా చెప్పాల్సింది.

ఆనాటి ఆపరేషన్‌ను ఇప్పటి దానితో పోల్చలేం. కటకాన్ని దాని చుట్టూ ఉండే పల్చటి సంచితో సహా మొత్తంగా బయటికి తీసేవారు. కనుగుడ్డు అంచున పెద్ద కోత పడేది. ఆపరేషన్ అయ్యాక రోగి రోజుల తరబడి కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. దగ్గినా తుమ్మినా కోత విడిపోతుందన్న భయం. తోడు వచ్చిన కూతురో కోడలో పక్కనే కూర్చుని అన్నం తినిపించేది. కట్టు విప్పాక చూపు వచ్చేది గానీ, కటకం లేని కంటికి దట్టమైన అద్దాలు తప్పనిసరి. జనం సోడాబుడ్డి అద్దాలని పిలిచేవి అవే. అవి పగిలిపోతే మళ్లీ చీకటే. ఇన్ని కష్టాలున్నా, గోడ పట్టుకుని నడిచే మనిషి తనంతట తాను పొలం గట్టుకు వెళ్లగలగడం సామాన్యమైన మార్పు కాదు. బడిగదుల్లో, సత్రాల్లో పెట్టిన క్యాంపుల ద్వారా ఆ మార్పు వేలాది కుటుంబాలకు అందింది. తీరప్రాంత జనానికి కంటి ఆపరేషన్ మీద నమ్మకం కుదిరింది ఆ క్యాంపులతోనే.

శుక్లమొక్కటే కాదు. మశూచి, పొక్కుల కంటిజబ్బు, విటమిన్ ఎ లోపం పిల్లల కళ్లను తినేసేవి. విటమిన్ ఎ కథను ఇక్కడ చెప్పుకోవడానికి వేరే కారణం కూడా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1960లలో చేసిన ప్రయోగాల ఆధారంగా 1970లో ప్రభుత్వం ఆర్నెల్లకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్‌ను ఒకే మోతాదుగా పిల్లల నోట్లో పోసే కార్యక్రమం మొదలుపెట్టింది. శరీరం దాన్ని కాలేయంలో దాచుకుని, కావాల్సినప్పుడల్లా కొంచెం కొంచెం వాడుకుంటుంది. రోజూ ఆస్పత్రికి రాలేని ఊళ్లకు ఆర్నెల్లకోసారి వెళ్లి ఇచ్చి రావచ్చు. మోతాదు ఒక్కసారి ఇచ్చి పని నెలల తరబడి జరిపించుకోవడమనే ఆలోచన కంటివైద్యంలో అలా ఇంప్లాంట్ల కన్నా ముందే, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే, పేద పిల్లల కోసం రుజువైంది.

1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం వచ్చింది. 1994 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు రుణంతో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ఆపరేషన్లు పెద్ద ఎత్తున సాగాయి. ఆ కాలంలోనే అసలైన సాంకేతిక మార్పు జరిగింది. సంచిని మొత్తం లాగేసే పద్ధతి పోయి, దాని వెనక గోడను పదిలంగా ఉంచి, అందులో కృత్రిమ కటకం అమర్చే పద్ధతి వచ్చింది. 1992లో మదురైలో అరోల్యాబ్ కృత్రిమ కటకాల తయారీ మొదలుపెట్టడంతో వాటి ధర పడిపోయింది. సోడాబుడ్డి అద్దాలు మెల్లగా కనుమరుగయ్యాయి. ఈ మార్పు ప్రభావం ఇరవై ఏళ్ల తర్వాత సుగరు రోగులకు వేసే ఇంప్లాంట్ మీద పడుతుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ జరిపిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనం హైదరాబాదుతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేల మందికి పైగా పరీక్షించింది. అంధత్వం 1.84 శాతం, అందులో దాదాపు 44 శాతానికి కారణం శుక్లం అని తేల్చింది. శ్రీకాకుళం అందులో లేకపోయినా అప్పటి తెలుగు పల్లెల స్థితి ఆ లెక్కల్లో కనిపిస్తుంది. గుల్లపల్లి నాగేశ్వరరావు 1980లలో హైదరాబాదులో స్థాపించిన ఆ సంస్థే 2006లో విశాఖపట్నంలో జి.ఎం.ఆర్. వరలక్ష్మి ప్రాంగణాన్ని తెరిచింది. విశాఖలో అప్పటికే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది. 2008లో శ్రీకాకుళంలో రిమ్స్ వైద్య కళాశాల మొదలైంది. రెటీనా నిపుణుడు మాత్రం విశాఖలోనే దొరికేవాడు. ఆలోపు జబ్బు మారిపోయింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో సుగరు రోగులు 10.1 కోట్ల మంది అని అంచనా వేసింది. యాభై దాటిన సుగరు రోగుల్లో 16.9 శాతం మందికి రెటీనా దెబ్బతిన్నట్టు 2015-19 జాతీయ సర్వే చెప్పింది.

సుగరు కంటిని దెబ్బతీసే తీరు నిదానమైనది, నొప్పి లేనిది. రెటీనాలోని సన్నని రక్తనాళాల గోడలు ఏళ్ల తరబడి అధిక చక్కెరలో నాని బలహీనపడతాయి. వాటిలోంచి ద్రవం కారుతుంది. అది మాక్యులాలో, అంటే అక్షరాలు చదివే, ముఖాలు గుర్తుపట్టే నడిమి చోటులో చేరితే చూపు మసకబారుతుంది. పక్కలు కనిపిస్తుంటాయి, ఎదురుగా ఉన్నది చెదిరిపోతుంది. సూదిలో దారం ఎక్కించలేకపోవడం, బస్సు బోర్డు చదవలేకపోవడం మొదటి గుర్తులు. రోగి దాన్ని శుక్లం అనుకుంటాడు. క్యాంపులు నేర్పిన పాఠం అదే కదా: చూపు తగ్గిందంటే శుక్లం, ముదిరాక తీయించుకోవచ్చు. ఈ జబ్బులో ముదిరేదాకా ఆగితే తీయడానికి ఏమీ మిగలదు.

దీన్ని మొదట కనుగొన్నది వియన్నాలో ఎడ్వర్డ్ ఫాన్ యేగర్. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరాన్ని తయారుచేశాక, 1855లో సుగరు రోగి రెటీనాలో పసుపు మచ్చలను ఆయన వర్ణించాడు. సుగరుకూ వాటికీ సంబంధమేమిటని ఆనాటి పెద్ద వైద్యులే సందేహించారు. 1872లో లండన్ వైద్యుడు నెటిల్‌షిప్ కోసిన కంటి పొరల్లో నీటి తిత్తులను చూపించాక వాదన మలుపు తిరిగింది. ఆ తర్వాత దాదాపు నూరేళ్ల పాటు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. లేజర్ వచ్చాక కారే నాళాలను కాల్చి మూసే చికిత్స ప్రయత్నించారు. అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 1985లో వచ్చాయి: లేజర్ చేయని కళ్లలో మూడేళ్లకు 24 శాతం చూపు గణనీయంగా కోల్పోతే, చేసిన వాటిలో 12 శాతమే. పోయే చూపును లేజర్ నిలిపింది, పోయినదాన్ని మాత్రం తిరిగి తేలేదు. పైగా కాల్చిన చోట మచ్చలు మిగిలిపోయేవి.

స్టెరాయిడ్ల కథ వేరే వైపు నుంచి వచ్చింది. 1948లో కీళ్లవాతం రోగులకు కార్టిజోన్ ఇచ్చి ఫిలిప్ హెంచ్ బృందం అద్భుతమైన ఫలితం సాధించింది. 1950లో ఆ పరిశోధనకు నోబెల్ వచ్చింది. ఆ దశాబ్దంలో కొత్త స్టెరాయిడ్లు వరసగా పుట్టాయి. వాటిలో ట్రయామ్సినలోన్ తయారైంది లెడర్లే ప్రయోగశాలలో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో కన్నుమూసేదాకా పరిశోధనలకు నాయకత్వం వహించిన సంస్థ అదే. ఆ మందు ఆయన తర్వాతి కాలానిదే అయినా, తెలుగు పాఠకుడు గుర్తుపెట్టుకోదగ్గ బంధుత్వం అది. స్టెరాయిడ్ వాపును అణచి, కారే నాళాల గోడలను బిగిస్తుంది. సుగరు రోగికి మాత్రల రూపంలో ఇస్తే రక్తంలో చక్కెర ఎగబాకుతుంది, చుక్కల మందుగా వేస్తే రెటీనా దాకా సరిగా చేరదు. అందుకని నేరుగా కంటి లోపలికే ఎక్కించాలని చూశారు. 2001-02 నాటికి ట్రయామ్సినలోన్ సూదితో మాక్యులర్ ఎడీమా తగ్గుతుందని జర్మనీ, అమెరికా వైద్యులు ప్రచురించారు. ఫలితం కళ్లెదుటే కనిపించేది, కొన్ని నెలలకు ఇంకిపోయేది. మళ్లీ సూది, మళ్లీ నీరు.

అదే కాలంలో మరో దారి తెరుచుకుంది. రక్తనాళాలను కారేలా చేసే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందులు వచ్చాయి. 2005 నుంచి బెవాసిజుమాబ్, తర్వాత రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్. చూపును నిలపడమే కాదు, తిరిగి తేగలిగిన మొదటి చికిత్స ఇదే. 2015లో ఇంటాస్ సంస్థ తెచ్చిన దేశీయ రానిబిజుమాబ్ ధర భారం కొంత తగ్గించింది. నేటికీ ఎక్కువ మందికి మొదట ఇచ్చేది ఇవే. చిక్కల్లా తరచుదనంతోనే. తొలి నెలల్లో ప్రతి నెలా వేయాలి. కవిటిలో కొబ్బరి ఒలిచే కూలీకి నెలకోసారి విశాఖ అంటే రెండు రోజుల పని పోవడం, తోడు వచ్చేవారి పని పోవడం, బస్సు చార్జీలు. మందు ఉచితంగా దొరికినా ఆ ప్రయాణం ఉచితం కాదు. మధ్యలో మానేసినవారి కళ్లలో నీరు మళ్లీ చేరుతుంది.

మందును కంట్లోనే నిల్వపెట్టే ఆలోచన 1974 నాటిది. కంటి పీడనం పెరిగి చూపు పోయే గ్లాకోమా జబ్బు ఉన్నవారి కనురెప్ప కింద వారం పాటు ఉండే ఆక్యుసర్ట్ అనే పల్చటి పొర అప్పుడు వచ్చింది. 1996లో ఎయిడ్స్ రోగుల కంటి ఇన్ఫెక్షన్ కోసం విట్రాసర్ట్ అనే సాధనాన్ని కంటి లోపలే కుట్టి పెట్టారు. దాని సంతతే 2005లో అమెరికా ఆమోదించిన రెటిసర్ట్. ఫ్లూసినలోన్ అనే స్టెరాయిడ్‌ను రెండున్నరేళ్ల పాటు వదిలే ఈ సాధనాన్ని సుగరు కంటిలోనూ పరీక్షించారు. నీరు తగ్గింది గానీ, నాలుగేళ్లలో దాదాపు మూడో వంతు కళ్లకు పీడనం తగ్గించే ఆపరేషన్ అవసరమైంది. అంత మూల్యం చెల్లించడం తగదని సుగరు రోగులకు దాన్ని పక్కన పెట్టారు.

తర్వాతి రెండు సాధనాలు ఆ అనుభవం నుంచి నేర్చుకున్నవి. ఒకటి ఐలువియెన్. 0.19 మిల్లీగ్రాముల ఫ్లూసినలోన్‌ను మూడేళ్ల పాటు వదులుతుంది, దాని గొట్టం మాత్రం కంట్లోనే ఉండిపోతుంది. 2014లో అమెరికా దీన్ని సుగరు కంటికి ఆమోదించింది. రెండోది మన దేశంలో ఎక్కువగా వాడే ఓజర్డెక్స్. 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌ను పీఎల్‌జీఏ అనే పదార్థంలో కలిపి కడ్డీగా చేస్తారు. ఆ పదార్థం కంటి ద్రవంలో మెల్లగా విడిపోయి లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలుగా, చివరికి నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది. తీయాల్సిన పని లేదు, కుట్టు లేదు. మత్తు చుక్కలు వేసి, కంటి తెల్లభాగంలోంచి సన్నని సూదితో లోపలికి వదులుతారు. మొదటి రెండు నెలలు మందు బలంగా వెలువడి తర్వాత తగ్గుతుంది. ఆరు నెలలు పనిచేస్తుందని చెప్పినా, వాడుకలో చాలా కళ్లకు మూడు నాలుగు నెలల తర్వాత నీరు మళ్లీ మొదలవుతుందని వైద్యుల అనుభవం.

ఓజర్డెక్స్ మీద జరిపి 2014లో ఫలితాలు వెలువరించిన మీడ్ పరీక్షలో వెయ్యిమందికి పైగా రోగులను మూడేళ్లు గమనించారు. ఇంప్లాంట్ వేసినవారిలో 22 శాతం మందికి చూపు చార్టు మీద పదిహేను అక్షరాలు మెరుగైంది, ఉత్తుత్తి సూది వేసినవారిలో 12 శాతానికే. మూడేళ్లలో సగటున నాలుగు సార్లు వేస్తే సరిపోయింది. నష్టాల వైపు చూస్తే, సహజ కటకం ఉన్న కళ్లలో మూడింట రెండు వంతులకు శుక్లం వచ్చింది. దాదాపు నలభై శాతానికి పీడనం తగ్గించే చుక్కలు కావాల్సివచ్చాయి, ఆపరేషన్ దాకా వెళ్లినవి నూటికి ఒకటి కూడా లేవు. స్టెరాయిడ్ అనగానే సుగరు పెరుగుతుందని రోగులు భయపడతారు. కంట్లో పెట్టే మోతాదు ఒక మిల్లీగ్రాముకు తక్కువే, అదీ నెలల మీద వెలువడుతుంది. రక్తంలో చక్కెరను కదిలించేంత మందు అందులో లేదు.

శుక్లం భయం కారణంగానే 2014 జూన్‌లో అమెరికా ఓజర్డెక్స్‌ను సుగరు రోగుల్లో మొదట కృత్రిమ కటకం ఉన్నవారికీ, శుక్లం ఆపరేషన్ చేయించుకోబోయేవారికీ మాత్రమే అనుమతించింది. కొద్ది నెలలకు ఆ పరిమితి ఎత్తేసింది. ఉద్దానం చరిత్రతో ఈ మందు ముడిపడేది ఇక్కడే. గత మూడు దశాబ్దాల్లో కృత్రిమ కటకం వేయించుకున్న వృద్ధులు ఈ తీరంలో ఊరూరా ఉన్నారు. వారి కళ్లకు శుక్లం బెడద ఇక లేదు, సాధారణంగా కటకం వెనక గోడ పదిలంగా ఉంటుంది, కడ్డీ ముందుకు జారకుండా లోపలే ఉంటుంది. ఇంప్లాంట్‌కు ఇంతకన్నా అనువైన కన్ను ఉండదు. దానికి ముందు కాలంలో, సంచితో సహా కటకం తీసేసిన కళ్లు దీనికి పూర్తిగా విరుద్ధం. అడ్డుగోడ లేనందువల్ల కడ్డీ ముందుకు జారి కంటి ముందున్న పారదర్శక పొర కార్నియా వెనక చేరుతుంది, కార్నియా పాడై తెల్లబడుతుంది. అలాంటి కళ్లకు ఇది వేయకూడదు. అందువల్ల క్యాంపులో ఎప్పుడో ఆపరేషన్ చేయించుకున్న రోగిని ఏ సంవత్సరంలో, ఏ పద్ధతిలో అని అడిగి, సూక్ష్మదర్శినిలో చూసుకున్నాకే వైద్యుడు ముందుకు వెళ్లాలి. గ్లాకోమా బాగా ముదిరినవారికి, కంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నవారికి కూడా ఇది పనికిరాదు. ఊడ్పుల్లో, నూర్పిళ్లలో గింజో ఆకో తగిలి కంట్లో పుండు పడటం ఇక్కడ మామూలే కాబట్టి ఈ హెచ్చరిక కాగితానికే పరిమితం కారాదు.

ఉద్దానానికి ప్రత్యేకమైన మరో సంగతి మూత్రపిండాల జబ్బు. డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వే ప్రకారం ఇక్కడి పెద్దల్లో దాదాపు 18 శాతం మందికి దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఉంది. వారిలో ఎక్కువ మందికి సుగరుగానీ రక్తపోటుగానీ కారణం కాదు. కారణం ఇంకా తేలలేదు. మిగతా లోకంలో మూత్రపిండాలు పాడైన సుగరు రోగి అంటే రెటీనా కూడా పాడయ్యే ఉంటుందని అనుకోవచ్చు, ఎందుకంటే రెండూ ఒకే రకం సన్నని నాళాల జబ్బులు. ఉద్దానంలో అలా అనుకోవడానికి వీల్లేదు. ఇక్కడ సుగరు ఉన్న మనిషికి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగితే అది సుగరు పనా, ఉద్దానం జబ్బా అనేది ప్రశ్న. దానికి జవాబు వెతికే చవకైన దారుల్లో రెటీనా పరీక్ష ఒకటి. రెటీనా నాళాలు చక్కగా ఉంటే మూత్రపిండాల నష్టానికి వేరే కారణం వెతకాలి. దెబ్బతిని ఉంటే సుగరు వైపు అనుమానం బలపడుతుంది.

చికిత్స వైపు నుంచి చూసినా మూత్రపిండాల జబ్బు లెక్కలోకి వస్తుంది. ఒంట్లో నీరు నిలిస్తే మాక్యులాలోనూ పెరుగుతుంది. డయాలిసిస్ సరిగా జరిగితే కొందరిలో కంటి నీరు తానే తగ్గుతుంది. ఇటీవలే పక్షవాతమో గుండెపోటో వచ్చిన రోగికి వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందు వేయడానికి చాలామంది వైద్యులు వెనకాడతారు, అక్కడ స్టెరాయిడ్ ఇంప్లాంట్‌కే మొగ్గుతారు. వారానికి మూడు రోజులు డయాలిసిస్ మంచం మీద గడిపే మనిషికి నెలనెలా మరో ఊరి ఆస్పత్రికి వెళ్లే ఓపిక ఎక్కడిది? మూడు నాలుగు నెలలకోసారి వేసే ఇంప్లాంట్ అటువంటివారికి ఊరట.

ఊరటే గానీ పూర్తి విడుదల కాదు. ఇంప్లాంట్ వేశాక ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య కంటి పీడనం ఎక్కువగా పెరుగుతుంది. పెరిగినప్పుడు నొప్పి ఉండదు, రోగికి తెలియదు. కొలిచేదాకా ఎవరికీ తెలియదు. చూడకుండా వదిలేస్తే మాక్యులాలో నీరు తగ్గిన కన్నే గ్లాకోమాతో పోతుంది. కాబట్టి సూది వేయడం విశాఖలోనో బరంపురంలోనో జరిగినా, పీడనం కొలిచే పని ఇంటికి దగ్గర్లో జరగాలి. దానికి కావాల్సింది చిన్న పరికరం, నేర్చుకున్న ఒక చేయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు కూలి, దారులు మూసుకుపోయి, రోజుల తరబడి కరెంటు లేకుండా పోయింది. అలాంటి తీరంలో వైద్యమంతా దూరపు నగరం మీద ఆధారపడి నడవకూడదు.

ప్రభుత్వం వైపు నుంచి అడుగులు పడలేదని కాదు. రెటీనా ఫొటోలు తీసి దూరంగా ఉన్న వైద్యుడికి పంపే ఈ-ఐ కేంద్రాలు 2018లో వచ్చాయి. 2019 అక్టోబరులో వైఎస్సార్ కంటి వెలుగు మొదలైంది. ఆ పథకాల్లో బడిపిల్లల అద్దాలకూ, వృద్ధుల శుక్లాలకూ దక్కిన శ్రద్ధ సుగరు రెటీనాకు దక్కలేదు. పలాసలో రెండు వందల పడకల మూత్రపిండాల ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. రోజూ జనం రక్తపరీక్షల కోసం వచ్చే ఆ చోటే, టెక్కలి, సోంపేట, కవిటి డయాలిసిస్ కేంద్రాల్లోనే, రెటీనా ఫొటో తీసే కెమెరా, కంటి పీడనం కొలిచే పరికరం పెట్టాలి. వాటి ఖర్చు ఒక డయాలిసిస్ యంత్రం ఖర్చు ముందు పెద్దది కాదు. గల్లిసన్ కాలంలో ఇక్కడి జనం ఆస్పత్రికి వెళ్లడమే కాదు, ఆస్పత్రి జనం దగ్గరికి వచ్చేది. సుగరు కంటికీ ఆ పద్ధతే కావాలి.

ఈలోగా ఉద్దానంలో సుగరు ఉన్న ప్రతి మనిషీ చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. మూత్రపిండాల పరీక్ష చీటీ కంటి డాక్టరుకూ, కంటి చీటీ మూత్రపిండాల డాక్టరుకూ తప్పకుండా చూపించాలి. ఇంప్లాంట్ వేయించుకున్నవారు చూపు తేటపడిందని ఊరుకోకుండా, రెండు నెలల లోపు ఒకసారి, ఆపైన వైద్యుడు చెప్పినన్నిసార్లు పీడనం కొలిపించుకోవాలి.